మంచు పలక కింద నీళ్లు లేవు

2021 ఫిబ్రవరి 16 తెల్లవారుజామున డల్లాస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కు దిగిపోయింది. 1949 తర్వాత ఆ ప్రాంతం అంతటి చలిని చూడలేదు. ఆ తెల్లవారుజామునే, అక్కడికి గంటలోపు ప్రయాణంలో ఉన్న ఫ్రిస్కోలో, మా అక్కావాళ్ల పెరట్లో పన్నెండేళ్లుగా కళకళలాడిన కొలను రెండు మూడు గంటల్లో అంతరించిపోయింది. చలి మొదలైన రోజు నుంచీ అది తట్టుకుని నిలబడింది. కరెంటు తిరిగొచ్చాకే ప్రాణం విడిచింది. ఎలాగో చెప్పాలి. చెప్పకపోతే ఆ నీటికీ ఆ చేపలకూ అన్యాయం చేసినవాణ్ణవుతానని నాకు అనిపిస్తూ ఉంటుంది.

బావగారిది ఆకివీడు దగ్గర పల్లె. వాళ్ల నాన్నగారికి చేపల చెరువులు ఉండేవి. శీలావతి, బొచ్చె పెంచి, ఐసు వేసి లారీల్లో కలకత్తా వైపు పంపేవారు. పగలు ఎండకు నాచు ఆక్సిజన్ విడుస్తుందని, రాత్రి అదే నాచు ఆక్సిజన్ తాగేస్తుందని, మబ్బు పట్టిన రోజు మర్నాడు తెల్లవారకముందే చేపలు నీటి మీదికొచ్చి నోళ్లు తెరుస్తాయని బావగారు బడిలో చదువుకోలేదు. గట్టు మీద నిలబడి నేర్చుకున్నారు. అలాంటి తెల్లవారుజామున పడవ వేసుకుని నీటిని కలియబెట్టడానికి వాళ్ల నాన్నగారు ఆయన్ను నిద్రలేపి తీసుకెళ్లేవారట. ఆ చెరువు గట్టు మీంచి అమెరికా వెళ్లిన మనిషి, సొంత ఇల్లు కొన్న రెండో ఏడే, 2009 వేసవిలో, పెరట్లో కొలను తవ్వించారు.

పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. నాలుగున్నర వేల లీటర్ల నీళ్లు. లోతు రెండడుగులే ఎందుకంటే, అక్కడి చాలా ఊళ్లలో అంతకు మించితే దాన్ని ఈతకొలను కింద లెక్కకట్టి చుట్టూ కంచె, గేటు, పర్మిట్ అడుగుతారు. పైగా డల్లాస్ వేసవిలో నలభై డిగ్రీల ఊరు. అక్కడ కొలను కట్టే ఎవరైనా ఎండ గురించి ఆలోచిస్తారు, నీడ ఎటు పడుతుందో చూసుకుంటారు. చలి అంటే ఏడాదికి ఒకటి రెండు రాత్రులు నీటి మీద గాజులాంటి పొర కట్టడం, పొద్దెక్కేసరికి అది కరిగిపోవడం. అంతే. ఆ లెక్కన రెండడుగులు చాలు. పన్నెండేళ్ల పాటు చాలింది కూడా.

ఒక మూల రాళ్లు పేర్చి చిన్న జలపాతం పెట్టారు. కొలను అడుగున, అన్నిటికంటే లోతైన చోట, సబ్‌మెర్సిబుల్ మోటారు. అక్కణ్ణించి మట్టిలో ఒక జానెడు లోపలగా ప్లాస్టిక్ పైపు, అది రాళ్ల పైదాకా. మోటారు ఆగినప్పుడు పైపులోని నీళ్లు వెనక్కి జారిపోకుండా మధ్యలో ఒక వాల్వు. ఈ మోటారు, ఈ పైపు, ఈ వాల్వు మళ్లీ వస్తాయి. గుర్తుంచుకోండి.

ఎనిమిది కోయి చేపలు, కొన్ని బంగారు చేపలు. కోయిల్లో పెద్దది తెల్లటి ఒంటి మీద ఎర్రటి మచ్చలతో ఉండేది. జపాన్‌వాళ్లు ఆ రకాన్ని కోహాకు అంటారు. మా అక్క మాత్రం దాన్ని చూసిన మొదటి రోజే మధుపర్కాలు కట్టుకున్న పెళ్లికూతురిలా ఉందంది. ఇక అదే దాని పేరు. వచ్చినప్పుడు వేలెడంత ఉన్న పెళ్లికూతురు 2020 నాటికి మోచేతి పొడవు దాటింది. అక్క గట్టు మీద కూర్చుంటే వచ్చి చేతిలోంచి మేత తీసుకునేది. పిల్లలు ఇంట్లోంచి కాలేజీలకు వెళ్లిపోయాక అక్కకు సాయంత్రాలు ఆ గట్టు మీదే గడిచేవి.

బావగారి అమ్మగారు ఇండియా నుంచి వచ్చిన ఏడు తామర కావాలన్నారు. కుండీలో దుంప నాటి కొలనులో దించారు. టెక్సస్ ఎండ తామరకు బాగా నప్పుతుంది. జూలైలో మొగ్గలు, ఆగస్టులో పూలు, అంటే సరిగ్గా శ్రావణమాసానికి. వరలక్ష్మీ వ్రతం ముందు రోజు చుట్టుపక్కల తెలుగువాళ్లంతా ఆ ఇంటికి ఫోన్ చేసేవారు. ఇంటికి ఒకటి చొప్పున పూలు కోసి, తడిగుడ్డలో చుట్టి ఇచ్చేవారు అత్తయ్యగారు. ఆవిడ 2018లో పోయారు. తామర ప్రతి ఏడూ పూస్తూనే ఉంది.

శీతాకాలంలో కొలను ఎలా బతుకుతుందో తెలిస్తే గానీ ఇది ఎలా పోయిందో తెలియదు. నీరు నాలుగు డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుంది. అంతకన్నా చల్లబడితే తేలికై పైకి వస్తుంది, పైనే గడ్డకడుతుంది, ఆ గడ్డ తేలుతుంది. అడుగున నాలుగు డిగ్రీల నీరు మిగిలి ఉంటుంది. చేపలు అక్కడికి దిగి, రెక్కలు ముడిచి, దాదాపు కదలకుండా ఉండిపోతాయి. పది డిగ్రీల కింద వాటికి మేత అరగదు కాబట్టి పెట్టకూడదు. పెడితే కడుపులో కుళ్లుతుంది, మిగిలింది నీటిలో కుళ్లుతుంది. మిన్నెసోటాలాంటి చోట్ల కొలను మూడు నాలుగు అడుగుల లోతు ఉంచడం ఆ అడుగు నీటి కోసమే. అంత లోతు లేనివాళ్లు నవంబర్‌లోనే చేపల్ని పట్టి గ్యారేజీలో తొట్టెలకు మారుస్తారు.

చలి ఒక్కటే చంపదు. మంచు పలక కొలనును మూతలా మూసేస్తే ఆక్సిజన్ లోపలికి రాదు. అడుగున కుళ్లే ఆకుల్లోంచి పుట్టే విషవాయువులు బయటికి పోవు. అందుకే ఎక్కడో ఒకచోట చిన్న కన్నమైనా తెరిచి ఉండాలి. ఆ కన్నాన్ని సుత్తితోనో గునపంతోనో కొట్టి చేయకూడదు. ఆ దెబ్బ నీటిలో అలగా వెళ్లి, కదలలేక పడి ఉన్న చేప ఒంటికి తగులుతుంది. వేడినీళ్ల గిన్నెను పలక మీద పెట్టి మెల్లగా కరిగించాలి. పలక మీద హిమం పడితే ఊడ్చేయాలి, ఎందుకంటే అది వెలుతురును ఆపేస్తుంది, నీటిలోని నాచు ఆక్సిజన్ చేయడం మానేస్తుంది. ఆకివీడులో మబ్బు పట్టిన రోజు జరిగేదే ఇక్కడా జరుగుతుంది. కాకపోతే హిమం కప్పిన కొలనులో ఆ రాత్రి రోజుల తరబడి సాగుతుంది. బావగారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. చూడగానే పట్టేశారు.

ఫిబ్రవరి రెండో వారంలో చలి దిగింది. 11వ తేదీ ఉదయం ఫోర్ట్‌వర్త్‌లో రోడ్డు మీద వాన పడ్డది పడ్డట్టే గడ్డకట్టి, వందకు పైగా బళ్లు ఒకదాన్నొకటి గుద్దుకుని ఆరుగురు చనిపోయారు. 14న, ఆదివారం, హిమం కురిసింది. బావగారు అప్పటికే కొలనులో ఆకులన్నీ వలతో తీశారు, మేత మానేశారు. జలపాతం మాత్రం ఆపలేదు. కదిలే నీరు గడ్డకట్టదన్నది అక్కడ అందరూ చెప్పే మాట. ఒకటి రెండు రాత్రుల చలికి ఆ మాట నిజమే. వారం రోజుల చలికి అదే మాట కీడు చేస్తుంది. అడుగున ఉన్న కాస్త వెచ్చని నీటిని మోటారు పైకి లాగి, గాలికి ఆరబోసి, చల్లార్చి కిందికి వదులుతుంది. చేపలు దాక్కునే పొర మిగలదు. అసలు రెండడుగుల నీటిలో ఆ పొర ఉండేదే కొంచెం.

15న, సోమవారం, అర్ధరాత్రి దాటిన కాసేపటికి కరెంటు పోయింది. ఆ ఒక్క ఇంటికే కాదు. గ్యాస్ బావులు, పైపులు గడ్డకట్టి, విద్యుత్ కేంద్రాలు ఒక్కొక్కటే ఆగిపోయి, రాష్ట్రమంతటా 45 లక్షలకు పైగా ఇళ్లు చీకట్లో మునిగాయి. టెక్సస్ గ్రిడ్‌లో చాలా భాగం మిగతా దేశపు గ్రిడ్లతో కలవకుండా విడిగా ఉంటుంది కనుక పక్క రాష్ట్రాల నుంచి తెచ్చుకోగలిగింది చాలా తక్కువ. ఇంకో నాలుగున్నర నిమిషాలు అలాగే సాగి ఉంటే మొత్తం గ్రిడ్ కుప్పకూలేదని తర్వాత తేలింది. పదేళ్ల కిందట, 2011 ఫిబ్రవరిలోనూ చలికి ఇలాగే కరెంటు కోత పడింది. కేంద్రాల్ని చలికి సిద్ధం చేయమని కేంద్ర ప్రభుత్వ నియంత్రణ సంస్థలు అప్పుడే చెప్పాయి. చాలావరకు ఆ మాట కాగితం దాటలేదు.

ఆ సోమవారమంతా బావగారు కొలను దగ్గరే ఉన్నారు. ఇంట్లో హీటరు లేదు. గోడల లోపల చలి. గ్యాస్ పొయ్యిని అగ్గిపుల్లతో వెలిగించి నీళ్లు మరగబెట్టి, గిన్నెతో తీసుకెళ్లి పలక మీద పెట్టారు. కన్నం పడింది. అది పూడుకుపోతూ ఉంటే మళ్లీ మళ్లీ మరగబెట్టారు. చీపురుతో హిమం ఊడ్చారు. టార్చిలైటు వేసి చూస్తే కింద చేపలు కనిపించాయని, పెళ్లికూతురు రెక్క కదిపిందని అక్క నాకు ఫోన్‌లో చెప్పింది. పలక మూడు నాలుగు అంగుళాల మందం కట్టింది. దాని కింద ఇంకా అడుగున్నర నీళ్లున్నాయి. ఒక మనిషి చేయగలిగినదంతా జరిగింది. ఆ కొలను ఆ చలిని దాటేసేదని నేను ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను.

అయితే మోటారు ఆగిపోయాక పైపులో నీళ్లు నిలిచిపోయాయి. వెనక్కి పోనివ్వకుండా వాల్వు పట్టుకుంది. పైన, రాళ్ల దగ్గర, పైపు నోరు గడ్డకట్టింది. గడ్డ కిందికి పెరుగుతూ వచ్చే కొద్దీ దానికీ వాల్వుకూ మధ్య చిక్కిన నీటికి పోయే దారి లేదు. గడ్డకట్టే నీరు ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి, మట్టిలో జానెడు లోపల, ఎవరికీ కనపడని చోట పైపు చీలింది.

మంగళవారం తెల్లవారుజామున మూడింటికి కరెంటు వచ్చింది. వంతులవారీగా ఇస్తున్న కరెంటు అది, ఎంతసేపు ఉంటుందో తెలియదు. ఇంట్లో హీటరు చప్పుడు మొదలైంది. ఒక్క గదిలో, దుప్పట్ల కింద, మూడు స్వెట్టర్లు వేసుకుని పడుకున్న అక్కా బావగారూ దేవుడికి దండం పెట్టుకున్నారు. దాదాపు ముప్ఫై గంటలుగా నిద్రలేని బావగారు ఆ వెచ్చదనానికి కళ్లు మూశారు.

పెరట్లో మోటారు కూడా మొదలైంది. అడుగున ఉన్న మోటారు, అడుగు నీటినే తోడుతుంది. తోడిన నీరు జలపాతం దాకా వెళ్లలేదు. చీలికలోంచి మట్టిలోకి, మట్టిలోంచి పెరటి వాలు మీదికి పారింది. పారింది పారినట్టే గడ్డకట్టింది. కొలను పైన పలక అలాగే ఉంది. దాని మీద హిమం అలాగే ఉంది. కింద నీరు మాత్రం తగ్గుతూ పోయింది.

ఎనిమిది గంటలకు బావగారు వేడినీళ్ల గిన్నెతో వెళ్లారు. కన్నంలోంచి తొంగి చూస్తే మెరుపు లేదు. చెయ్యి పెట్టి చూస్తే తడి తగల్లేదు. కంచె వైపు తల తిప్పితే అక్కడ, నిన్నటి దాకా లేని చోట, పెరటి వెడల్పునా మంచు పరుచుకుని ఉంది. ఆయన చేతిలోంచి గిన్నె జారిపోయింది.

అక్క నాకు ఫోన్ చేసి ఒకటే మాట అంది. "నీళ్లు లేవురా. అసలు నీళ్లే లేవు కొలనులో."

ఇక పలకను గునపంతో కొట్టినా పోయేదేం లేదు. కొట్టారు. మోటారు చుట్టూ ఉన్న గుంటలో నాలుగంగుళాల బురదనీరు, అందులో ఒకదాని మీద ఒకటి చేపలు. బంగారు చేపలు ఆక్సిజన్ లేని నీటిలోనూ చాలాకాలం బతకగలవు. ఊపిరాడనప్పుడు వాటి ఒంట్లో పుట్టే ఆమ్లాన్ని ఆల్కహాలుగా మార్చి మొప్పల గుండా బయటికి వదిలేస్తాయి. అంతటి విద్య తెలిసిన జీవులు కూడా ఆ బురదలో బిగుసుకుపోయి ఉన్నాయి. కోయిల్లో అయిదు చనిపోయాయి. మూడు మొప్పలు కదుపుతున్నాయి. పెళ్లికూతురు వాటిలో ఒకటి.

స్నానాల తొట్టెలో హిమం కరిగించిన నీళ్లూ, క్లోరిన్ పోగొట్టే మందు కలిపిన కుళాయి నీళ్లూ పోసి, వాటిని అందులో వేశారు. అప్పటికి మళ్లీ కరెంటు పోయింది. అదీ ఒకందుకు మేలే అయింది, తొట్టె ఉన్న గది చల్లగానే ఉంది. చలిలో బిగుసుకున్న చేపను ఒక్కసారిగా వెచ్చబరిస్తే అదే చంపుతుంది. కొన్ని రోజులు ఆ తొట్టె పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది అక్క.

20వ తేదీకి ఎండ వచ్చింది. ఊరంతా హిమం కరిగింది. పగిలిన పైపులకు ప్లంబర్లు దొరక్క జనం తిరుగుతున్నారు. టెక్సస్ ప్రభుత్వం లెక్క ప్రకారం ఆ తుపానులో 246 మంది మనుషులు చనిపోయారు. చలికి బిగుసుకుపోయినవాళ్లు, ఇంట్లో బొగ్గులు రాజేసుకుని ఆ గ్యాస్ పీల్చి నిద్రలోనే పోయినవాళ్లు. వాళ్ల ముందు చేపల మాట ఎత్తడానికి అక్క సిగ్గుపడింది. చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు. దక్షిణాన తీరప్రాంతంలో కనీసం 38 లక్షల చేపలు చనిపోయాయని రాష్ట్ర వన్యప్రాణి శాఖ తేల్చింది. సౌత్ పాడ్రే దీవిలో చలికి కదల్లేక తేలిపోతున్న సముద్రపు తాబేళ్లను జనం పడవల్లో, కార్లలో మోసుకొచ్చి కన్వెన్షన్ సెంటరు నేలంతా వేల సంఖ్యలో పేర్చారు. కరెంటు లేని ఇళ్లలోంచి వచ్చిన మనుషులే ఆ పని చేశారు. ఆ వార్త చదివాక గానీ అక్క నోరు విప్పి ఏడవలేదు.

తొట్టెలోని మూడూ ఫిబ్రవరి దాటాయి. గ్యారేజీలో పెద్ద తొట్టె, ఫిల్టరు, గాలి పంపు అమర్చారు. కానీ నీరు అయిదు నుంచి పదిహేను డిగ్రీల మధ్య ఉన్నప్పుడు చేప ఒంట్లో రోగాన్ని ఎదుర్కొనే శక్తి ఇంకా మేలుకోదు, రోగం తెచ్చే బ్యాక్టీరియా మాత్రం మేలుకుంటుంది. కోయి పెంచేవాళ్లందరూ భయపడే కాలం అది. శీతాకాలాన్ని దాటిన చేపలు వసంతంలో పోతాయి. బురదలో ఒకదానికొకటి రాసుకున్న చోట పొలుసులు ఊడి పుండ్లు లేచాయి. ఉప్పునీళ్లు, మందులు, అన్నీ అయ్యాయి. మార్చిలో రెండు పోయాయి. పెళ్లికూతురు ఏప్రిల్ మొదటి వారం దాకా ఉంది. ఉగాది ఇంకా రాలేదు.

తామర దుంపలు కూడా మిగల్లేదు. నీటి కింద ఉన్నంతకాలం దుంప బతుకుతుంది. నీరు పోయిన రాత్రే కుండీలో మట్టితో సహా గడ్డకట్టింది. మే నెలలో బావగారు కుండీ తిరగేస్తే మెత్తగా నల్లబడిన ముద్ద వచ్చింది. ఆయన చేపల గురించి నా ముందు ఎప్పుడూ ఏడవలేదు. ఆ ముద్దను చేతిలో పట్టుకుని మాత్రం, "అమ్మ నాటింది బావా," అని ఊరుకున్నారు. ఆ వేసవిలోనే గొయ్యి పూడ్పించారు.

ఆయన తప్పు ఇందులో నాకు కనిపించదు. ఆకివీడు చెరువు గట్టు మీద మోటారు ఎప్పుడూ మేలే చేసింది. చేపలు నోళ్లు తెరిచిన తెల్లవారుజామున కరెంటు వస్తే ఊరు ఊపిరి పీల్చుకునేది. కరెంటు రావడమే కొలనును ముంచుతుందని ఆ గట్టు ఆయనకు నేర్పలేదు. కొలను కట్టినవాళ్లూ చెప్పలేదు. వాళ్లూ ఎండనే చూసినవాళ్లు.

డల్లాస్‌లోనో హ్యూస్టన్‌లోనో అట్లాంటాలోనో పెరట్లో కొలను ఉన్న తెలుగువాళ్లు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. తామర కోసమో, చేపల కోసమో, ఇంటి దగ్గరి చెరువు గుర్తుకొచ్చో కట్టుకుని ఉంటారు. మీకు నాదొక విన్నపం. ఆకులు రాలడం మొదలవగానే వల కప్పండి. నీరు పది డిగ్రీలకు దిగితే మేత ఆపండి. మోటారును అడుగు నుంచి ఎత్తి, ఒక రాయి మీదో బుట్ట మీదో పెట్టండి, ఏ పైపు పగిలినా సగం నీళ్లయినా మిగులుతాయి. వారం పాటు చలి అని వార్త వస్తే జలపాతం ఆపి, పైపులో నీళ్లు పూర్తిగా వదిలేయండి. గాలి కోసం చిన్న ఎయిర్ స్టోన్‌ను నీటికి పైభాగంలోనే వేలాడదీయండి, అడుగున పెట్టకండి. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. ఇవన్నీ చేయలేకపోయినా, కరెంటు పోయిన రాత్రి ఒక్కసారి పెరట్లోకి వెళ్లి, మోటారు ప్లగ్గు తీసేసి వచ్చి పడుకోండి.